జరిమానా రాజుకు, గాయం రోగికి

ఫలానా డాక్టరు ఎలాంటివాడని అడిగితే తెలుగువాళ్లు ఆయన చదువు సంగతి తర్వాత చెబుతారు, ముందు హస్తవాసి గురించి చెబుతారు. ఆ చెయ్యి పడితే చాలు, జబ్బు దిగిపోతుందన్న నమ్మకం ఆ మాటలో ఉంది. దానికి వెనకవైపు కూడా ఒకటుంది. తగ్గడం డాక్టరు హస్తవాసి అయితే, తగ్గకపోవడం రోగి తలరాత. మందు వికటించినా, ఆపరేషన్ చెడినా ‘ఆయుష్షు అంతవరకే ఉంది’ అని ఇంటిల్లిపాదీ దుఃఖాన్ని దిగమింగుకోవడం ఆ రెండో వైపు నుంచే వచ్చింది. వైద్యుడు సాక్షాత్తు నారాయణుడన్న నానుడి దీనికి తోడైంది. అందుకే మన దేశంలో వైద్య నిర్లక్ష్యం చరిత్రను తరచూ ఒకే తీరుగా చెబుతుంటారు: పూర్వం వైద్యుణ్ణి ప్రశ్నించినవాళ్లే లేరు, 1986లో వినియోగదారుల చట్టం వచ్చి దేవుణ్ణి కాస్తా దుకాణదారుణ్ణి చేసింది అని. డాక్టర్లు ఈ మాటను నొచ్చుకుంటూ అంటారు, రోగుల తరఫువాళ్లు గెలిచామన్నట్టు అంటారు. చెప్పే కథ మాత్రం ఇద్దరిదీ ఒకటే. పాత ధర్మశాస్త్రాలను, వలస కాలపు తీర్పులను, సుప్రీంకోర్టు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే ఆ కథ నిలవదు. తప్పు చేసిన వైద్యుడికి శిక్ష అన్న ఆలోచన ఈ నేలమీద దాదాపు రెండు వేల ఏళ్లుగా ఉంది. ఆ లెక్కలో చోటు దొరకనిది రోగికి. గత అరవై డెబ్భై ఏళ్లలో వచ్చిన మార్పును వైద్యుడి హోదా పడిపోవడంగా చూస్తే సగమే కనిపిస్తుంది; రోగి ఆ వ్యవహారంలో మొదటిసారి కక్షిదారుగా నిలబడటం మిగతా సగం, అదే ముఖ్యమైన సగం.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నాలుగో అధికరణం పేరు కంటకశోధనం, అంటే సంఘానికి ముల్లులా గుచ్చుకునేవాళ్లను ఏరే పని. దాని మొదటి అధ్యాయంలో నేతగాళ్లు, రజకులు, స్వర్ణకారులు కనిపిస్తారు. వాళ్ల వెనకే వైద్యులు వస్తారు. నేతలో నూలు తరిగితే ఎంత, ఉతికే బట్ట పాడైతే ఎంత, బంగారంలో మోసం జరిగితే ఎంత అని లెక్కకట్టిన చేత్తోనే ఆయన వైద్యుడి తప్పుకూ లెక్కకట్టాడు. ప్రాణాపాయమున్న జబ్బుకు పైవాళ్లకు తెలియజేయకుండా చికిత్స మొదలుపెట్టి, రోగి చనిపోతే ప్రథమ శ్రేణి దండన. చికిత్సలోని పొరపాటువల్లే చనిపోతే మధ్యమ శ్రేణి. మర్మస్థానం దెబ్బతిన్నా, అవయవం చెడినా దాన్ని కొట్టి గాయపరచిన నేరంతో సమానంగా చూడాలి. తప్పు చికిత్స చేసినవాడికి మనుస్మృతి, రోగి పశువైతే ప్రథమ సాహసం అనే మొదటి శ్రేణి జరిమానా, మనిషైతే మధ్యమ సాహసం విధించింది. ఆ స్మృతి లెక్క ప్రకారం అవి 250, 500 పణాలు. యాజ్ఞవల్క్యుడు ఇంకో మెట్టు చేర్చాడు. రోగి రాజోద్యోగి అయితే ఉత్తమ సాహసం కట్టాలన్నాడు. ఈ యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యే 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చిన విజ్ఞానేశ్వరీయానికి ఆధారం. కాబట్టి ఈ ధర్మశాస్త్ర సంప్రదాయం తెలుగువాళ్లకు పరాయిది కాదు. వైద్యుణ్ణి దుకాణదారుతో సమానం చేశారని ఇవాళ బాధపడేవాళ్లు ఒక సంగతి గమనించాలి: కౌటిల్యుడి పద్దులో వైద్యుడు మొదటినుంచీ చేతివృత్తులవాళ్ల వరసలోనే ఉన్నాడు.

ఇంతకూ ఆ పణాలు ఎవరి చేతికి చేరాయి? సాహస దండం రాజుగారి బొక్కసానికి పోయేది. చనిపోయినవాడి భార్యకో, కాలు పోగొట్టుకున్నవాడికో అందులో వాటా ఉన్నట్టు ఆ సూత్రాలు చెప్పవు. వైద్య గ్రంథాలు కూడా ఇదే దారిలో నడిచాయి. రాజు అనుమతి పొందాకే వైద్యుడు వృత్తిలోకి దిగాలని సుశ్రుతసంహిత అంటుంది. చేతకాని వైద్యుడు డబ్బాశతో జనాన్ని చంపుతున్నాడంటే ఆ దోషం రాజుదేనని కూడా అంటుంది. మూత్రాశయంలోని రాయిని కోసి తీయాల్సి వచ్చినప్పుడు, కోయకపోతే చావు ఖాయం, కోస్తే బతుకు అనుమానం, కాబట్టి ప్రభువును అడిగి మరీ చేయమంటుంది. ఉదర రోగానికి ప్రమాదకరమైన చికిత్స చేసేముందు చరకుడు బంధుమిత్రులకు, భార్యకు, రాజుకు, గురువులకు సంగతి చెప్పమన్నాడు. అపాయాన్ని దాచకుండా ముందే చెప్పాలన్న ఈ జాగ్రత్త చాలా గొప్పది. అయితే ఆ జాబితాలో అందరూ ఉన్నారు, కోత ఎవరి ఒంటిమీద పడుతుందో ఆ మనిషి అనుమతి మాత్రం ప్రధానం కాలేదు. శాస్త్రాల్లో రాసిందంతా ఆచరణలో జరిగిందా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. ఎంతమంది వైద్యులు నిజంగా పణాలు కట్టారో ఆ గ్రంథాలు చెప్పవు. గాయపరచినవాడు కోలుకునే ఖర్చు భరించాలని మనువు వేరేచోట అన్నాడు కనుక, వైద్యుడు చేసిన గాయానికీ అది వర్తించే సందు ఉందని వాదించవచ్చు కూడా. నా వాదానికి కావలసింది అంతకన్నా తక్కువ. న్యాయం ఇలా ఉండాలని ఊహించుకున్న చోట కూడా వైద్యుడి తప్పు ప్రధానంగా వైద్యుడికీ రాజుకూ మధ్య వ్యవహారంగానే కనిపించింది.

ఆంగ్లేయులు రాజు పేరు మార్చారు, పద్ధతి మార్చలేదు. 1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతి వైద్యుడికి ముందుగా రక్షణే ఇచ్చింది. రోగి మేలుకోరి, అతని సమ్మతితో, సదుద్దేశంతో చేసిన పనివల్ల హాని జరిగినా నేరం కాదని 88వ సెక్షన్ చెప్పింది. గుర్రం మీదనుంచి పడి స్పృహ తప్పినవాడి పుర్రెకు శస్త్రచికిత్స చేయాల్సిన వైద్యుణ్ణి 92వ సెక్షన్ ఉదాహరణగా చూపింది. 1870లో 304ఎ సెక్షన్ చేరింది. దుందుడుకుతనంవల్లో నిర్లక్ష్యంవల్లో మనిషి చనిపోతే రెండేళ్లవరకు జైలు. 1887లో కలకత్తా హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో ఒక కవిరాజు, అంటే బెంగాల్ సంప్రదాయ వైద్యుడు, మూలవ్యాధి రోగిని మామూలు కత్తితో కోశాడు. రక్తస్రావంతో రోగి చనిపోయాడు. ఇలాంటి కోతలు ఇంతకుముందూ చేశానని, సదుద్దేశంతోనే చేశానని అతడు చెప్పుకున్నా కోర్టు ఒప్పుకోలేదు, శిక్ష నిలబెట్టింది. 1943లో వలస రాజ్యాల చివరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ ఇంకోవైపు నుంచి గీత గీసింది. నైజీరియాలో ఒక డాక్టరు పిల్లలకు ఇచ్చిన సూదిమందు మోతాదు మించి, కొందరు చనిపోయారు. అజాగ్రత్త వేరు, నేరమనదగినంత ఘోరమైన నిర్లక్ష్యం వేరు అని చెప్పి ఆ శిక్షను కౌన్సిల్ రద్దు చేసింది. రెండు తీర్పులకూ వాటివాటి న్యాయం ఉంది. కానీ రెండింటిలోనూ కేసు సర్కారుకూ వైద్యుడికీ మధ్యే నడిచింది. శిక్ష పడితే ముద్దాయి జైలుకు వెళతాడు, పడకపోతే ఇంటికి వెళతాడు. చనిపోయినవాళ్ల బంధువులు రెండు సందర్భాల్లోనూ వచ్చినట్టే తిరిగి వెళతారు.

నష్టపరిహారం కోరే హక్కు కాగితం మీద లేకపోలేదు. అన్యాయంగా ప్రాణం పోతే కుటుంబం దావా వేయవచ్చని 1855లోనే ప్రాణాంతక ప్రమాదాల చట్టం చెప్పింది. సివిల్ కోర్టు మెట్లు మాత్రం ఎత్తయినవి. కోరిన మొత్తాన్నిబట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. తోటి డాక్టరుమీద సాక్ష్యం చెప్పే డాక్టరును వెతికి పట్టుకోవాలి. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి. సర్కారు ఆసుపత్రి అయితే ఇంకో గోడ: 1861 నాటి ఒక కలకత్తా తీర్పు నుంచి, సార్వభౌమాధికారంతో చేసే పనులకు ప్రభుత్వం పరిహారం ఇవ్వనక్కర్లేదన్న వాదం పాతుకుపోయింది. ఈ మెట్లు ఎక్కితే ఎంత కాలం పట్టేదో రెండు కేసులు చెబుతాయి. 1953లో రత్నగిరి జిల్లా సముద్రతీరంలో తొడ ఎముక విరిగిన ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి పుణెకు తీసుకొచ్చారు. అక్కడ సర్జన్ మత్తు సరిగా ఇవ్వకుండా బలం ఉపయోగించి కాలు లాగి కట్టు వేశాడు. ఆ షాక్‌తో కుర్రాడు కొన్ని గంటల్లోనే చనిపోయాడు. సుప్రీంకోర్టు తుది మాట 1968లో చెప్పింది. తల్లిదండ్రులకు దక్కినది 3,000 రూపాయలు. ఔరంగాబాద్ సర్కారు ఆసుపత్రిలో 1963లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి కడుపులో తువ్వాలు మరచిపోయారు, ఆ తల్లి చనిపోయింది. ఆసుపత్రి నడపడం సంక్షేమ కార్యక్రమం, దానికి సార్వభౌమాధికారపు మినహాయింపు లేదని సుప్రీంకోర్టు తేల్చి ఆ కుటుంబం పక్షాన తీర్పు ఇచ్చేసరికి 1996 వచ్చింది. అంటే ముప్పై మూడేళ్లు. అయినా పుణె కేసు ఒక కొలబద్ద మిగిల్చింది. కేసు చేపట్టాలా వద్దా, ఏ చికిత్స ఇవ్వాలి, దాన్ని ఎలా ఇవ్వాలి అన్న మూడు చోట్లా డాక్టరు తగిన జాగ్రత్త చూపాలి. చూపకపోతే దావా వేసే హక్కు రోగిదే. ఆ హక్కుకు యజమాని రోగి అన్న మాట అక్కడ స్పష్టంగా పలికింది.

1986 చట్టం తెచ్చిన అసలు మార్పు ఆ మెట్లను తగ్గించడం. మొదట్లో కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, జిల్లా కేంద్రంలోనే ఫోరం. ఆ చట్టంలో వైద్యం అన్న మాటే లేదు; ‘సేవ’ అన్న మాట ఉంది. డాక్టర్ల అభ్యంతరం ఆ మాట చుట్టూనే తిరిగింది. తమది పవిత్రమైన సేవ కాబట్టి చట్టం చెప్పే సేవ కిందికి రాదన్నట్టుగా వాదం సాగింది. మద్రాసు హైకోర్టు 1994లో వాళ్ల పక్షాన నిలిచింది, జాతీయ వినియోగదారుల కమిషన్ అప్పటికే అవతలి పక్షాన ఉంది. 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి చట్టం బయట. అందరి దగ్గరా డబ్బు తీసుకునేది చట్టం లోపల. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేసేది కూడా లోపలే, ఉచితంగా చేయించుకున్న రోగికి కూడా హక్కు ఉంటుంది. రోగి బదులు బీమా కంపెనీయో యజమానో డబ్బు కట్టినా అది ఉచితం కాదు. ఈ చివరి మాట తెలుగువాళ్లకు ముఖ్యమైనది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన రోగి తన జేబులోంచి తీయకపోయినా ఆసుపత్రికి డబ్బు ముడుతుంది. ఆ తీర్పు తర్కం అతని పక్షాన మాట్లాడుతుంది. 2019లో కొత్త చట్టం వచ్చినప్పుడు ముసాయిదాలో ఉన్న ఆరోగ్యరంగం అన్న మాట తీసేశారు కనుక తాము బయటపడ్డామని మళ్లీ వాదించారు. 2021లో బొంబాయి హైకోర్టు, 2022 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చాయి.

తప్పును తేల్చే కొలబద్ద మాత్రం చాలావరకు డాక్టర్ల చేతిలోనే ఉండిపోయింది. 1957లో ఇంగ్లండ్‌లో బోలమ్ కేసులో న్యాయమూర్తి జ్యూరీకి చెప్పిన సూత్రమే మన కోర్టులకూ ఆధారం: ఆ శాఖలో బాధ్యత గల వైద్యులు సరైనదని ఒప్పుకున్న పద్ధతిలో నడిచిన డాక్టరుది నిర్లక్ష్యం కాదు. శాస్త్రం తెలియని జడ్జి శాస్త్రంమీద తీర్పు చెప్పకూడదన్న వినయం ఇందులో ఉంది. వృత్తివాళ్ల తప్పును వృత్తివాళ్లే తూచే అపాయం కూడా ఇందులోనే ఉంది. ఆ అపాయం ఎంత దూరం వెళ్లగలదో 2009లో కనబడింది. నిపుణుల అభిప్రాయం లేకుండా డాక్టరుకు నోటీసు కూడా ఇవ్వొద్దని సుప్రీంకోర్టు బెంచి ఒకటి ఆదేశించింది. మరుసటి ఏడు దాన్ని సవరించిన కేసు హైదరాబాద్‌ది. మలేరియా శాఖలో పనిచేసిన ఒకాయన 2002లో చలిజ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్చాడు. అది మలేరియా, చేసిన వైద్యం టైఫాయిడ్‌కు. ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం ఇచ్చింది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఆ రెండు లక్షలను తిరిగి నిలబెట్టింది. ప్రతి కేసుకూ నిపుణుడు కావాలంటే చట్టం ఉన్నా లేనట్టేనని, చిక్కు ఉన్న కేసులకే నిపుణుడు కావాలని చెప్పింది. కడుపులో తువ్వాలు దొరికిన చోట దాని గురించి చెప్పడానికి ప్రొఫెసరు అక్కర్లేదు.

అన్నిటికన్నా లోతైన మార్పు సమ్మతి విషయంలో వచ్చింది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ఢిల్లీ కేసులో ఒక మహిళ పరీక్ష కోసం లాపరోస్కోపీకి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేసింది. వైద్యపరంగా ఆ నిర్ణయానికి కారణాలు ఉండవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం మాత్రం అక్కడ లేదు. మేజరైన, మాట్లాడగల మనిషి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. ఇచ్చిన పరిహారం 25,000 రూపాయలే. అయినా ప్రభువునో బంధువులనో అడగమన్న పాత జాబితాలోకి ఆ తీర్పుతో రోగి పేరు మొదటి వరసన ఎక్కింది. హైదరాబాద్ నిమ్స్ కేసు దీనికి తోడు. 1990లో జ్వరంతో వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థి ఛాతీలో కణితి కనబడింది. బయాప్సీకి ఇచ్చిన సమ్మతితో కణితినే తీసేశారు, న్యూరోసర్జన్‌ను ఆ ఆపరేషన్‌లో కలుపుకోలేదు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. 2009 మేలో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది. ఆ కేసును చక్రాల కుర్చీలో కూర్చుని కోర్టులో స్వయంగా వాదించుకున్నవాడు ఆ రోగే. పాత శాస్త్రాల కాలంలో రోగికి దొరకని చోటు ఏదని ఎవరైనా అడిగితే ఆ కుర్చీని చూపించవచ్చు.

ఈ చరిత్రను డాక్టర్ల వైపునుంచి చదివితే మరో వాదం వినబడుతుంది. దావాల భయంతో డాక్టర్లు అవసరం లేని టెస్టులు రాస్తున్నారు, క్లిష్టమైన రోగిని పెద్ద ఊరికి పంపేస్తున్నారు, బీమా ప్రీమియం ఖర్చు చివరికి రోగి బిల్లులోనే చేరుతోంది అని. ఇందులో నిజం లేకపోలేదు. భయం ఉన్నచోట వైద్యం కుంచించుకుపోతుంది. అయితే తీర్పులు శిక్షించినది ఏమిటో చూస్తే ఈ భయానికి ఆధారం పలుచన. ఒప్పుకున్న రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకున్నందుకు, మంచి ప్రయత్నం చేసినా ఫలితం రానందుకు, అంచనా తప్పినందుకు నిర్లక్ష్యం అనకూడదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. డాక్టర్లు ఓడిన కేసులు మరచిపోయిన గుడ్డ, తీసుకోని సమ్మతి, పిలవని నిపుణుడు, చూడని జ్వరం లాంటివాటిమీద నడిచాయి. వాటికి విరుగుడు అదనపు స్కానింగ్ కాదు; రోగికి అర్థమయ్యేలా చెప్పడం, చెప్పినది రాసి పెట్టడం. 2002 నాటి వైద్య నియమావళి అడిగేదీ అదే: రోగి రికార్డులను మూడేళ్లు దాచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి రోగికి వినియోగదారుల కమిషన్ తలుపు మూసే ఉంది. దేశంలో అందరికన్నా పేదవాడికే ఎత్తయిన మెట్లు మిగిలాయి. దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకోలే ఉంది. చరిత్ర రోగికి చోటిచ్చింది కానీ అందరు రోగులకూ ఒకే చోట కాదు.

మూడోది, కోపంలో అందరి నోటా వచ్చే మాట: డాక్టరును జైల్లో పెట్టాలి. జేకబ్ మాథ్యూ కేసులో 2005 ఆగస్టు 5న సుప్రీంకోర్టు ఈ దారిని ఇరుకు చేసింది. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే నేరం, ఫిర్యాదు వెనుక మరో సమర్థుడైన డాక్టరు అభిప్రాయం ఉండాలి, మామూలుగా అరెస్టు చేయకూడదు అంది. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యపు మరణానికి ఐదేళ్లవరకు శిక్ష పెట్టినా, చికిత్స చేస్తుండగా జరిగితే రిజిస్టరైన డాక్టరుకు రెండేళ్లే గరిష్ఠం అంటుంది. డాక్టర్లకు ప్రత్యేక మర్యాద అని దీన్ని విమర్శించవచ్చు. కానీ జైలు, జరిమానా అన్న దారి కౌటిల్యుడి నాటిదే. జరిమానా ఇప్పటికీ ముందు ఖజానాకే చేరుతుంది, అందులో కొంత బాధితులకు ఇప్పించడం కోర్టు ఇష్టం. ఘోరమైన తప్పుకు ఆ దారి ఉండి తీరాలి. ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం మాత్రం ఏ దారీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో దానిమీద ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చిందంటేనే, అడగడానికి మరో చోటు ఉందని జనానికి తెలియడం ఎంత ఆలస్యమైందో అర్థమవుతుంది.

ఆ చోటు ఇవాళ ఎక్కడుందో చెప్పడం కష్టం కాదు. నియమాలు మీరిన డాక్టరు రిజిస్ట్రేషన్ గురించి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ డబ్బు రాదు. పరిహారం కోసం రోగి నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. ఆసుపత్రికి చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు అయితే అదే చాలు, ఐదు లక్షల వరకు ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. చిక్కైన కేసుకు సివిల్ కోర్టు, ఘోరమైన తప్పుకు పోలీసు స్టేషన్ ఎప్పటిలాగే ఉన్నాయి. ఈ దారులన్నిటికీ ముందు కావలసింది మాత్రం ఒకటే, కేస్ షీటు. అది లేకపోతే ఏ కమిషన్ ముందైనా మిగిలేది తలరాత మీద వాదనే. హస్తవాసిని నమ్మడంలో తప్పేమీ లేదు. జబ్బుతో ఉన్న మనిషికి ఆ నమ్మకం మందులో సగం. ఆ చెయ్యి ఏ రోజు ఏం చేసిందో రాసి ఉన్న కాగితాన్ని అడిగిన 72 గంటల్లో తీసుకునే హక్కు ఆ నమ్మకాన్ని తీసేయదు. 250 పణాల నాటి రోగికి దొరకని వస్తువు ఆ కాగితమే.